మెట్టసీమకు కడలినీరు

హుజూర్‌నగర్ పరిసరములందు భూమిని త్రవ్వువారి గునపమునకు తగులు సున్నపురాయి ఒకానొక కాలమున సముద్రగర్భమున పేరుకొనిన బురద యని చెప్పినచో, ఆ రాతిని మేళ్లచెరువు, మట్టపల్లి సిమెంటు కర్మాగారములకు దినదినము చేరవేయు లారీవారు నవ్వుకొందురేమో గాని, భూతత్త్వజ్ఞులు నవ్వరు. కృష్ణకు ఉత్తరమున హుజూర్‌నగర్ మొదలుకొని దక్షిణమున పలనాటి వఱకు వ్యాపించిన ఈ శిలాపటలమునకు వారు కడప జిల్లాలోని ఒక గ్రామమును బట్టి నార్జి సున్నపురాయి యని పేరిడి, కర్నూలు శ్రేణిలో చేర్చి, చేప యనెడి ప్రాణి పుట్టుటకు ఎంతో పూర్వమే లోతు తక్కువైన కడలి యొకటి యిచ్చట నిలిచియుండెనని నిశ్చయించిరి. ఆ కడలి తొలగిపోయినది. నేడు హుజూర్‌నగర్ నుండి తీరమునకు పటముపై తిన్నగా గీత గీచి కొలిచినను 130 కిలోమీటర్లకు తక్కువ కాదు. ఇచ్చటి పొలములపై కురిసిన వాన వాగులబడి కృష్ణలో కలిసి, హంసలదీవి వద్ద సముద్రమును చేరును గాని, సముద్రము ఎదురు నడచి మెట్టసీమకు వచ్చుట యన్నది మేఘరూపమున తప్ప ప్రకృతి యెఱుగదు. మనుష్యుడు మాత్రము దానిని రెండు విధములుగ రప్పించుకొనెను. మొదట ఉప్పుగా; ఆ తరువాత, కడచిన నూట డెబ్బది సంవత్సరములలో, నీరుగానే. గృహములందలి గాజుతొట్లలో కడలిచేపలను పెంచు వేడుక ఈ రెండవదానికి కారణము. ఆ వేడుకకు సహజమైన సముద్రజలమే కావలెనా, కూర్చిన ఉప్పునీరు చాలునా యను వివాదము ఆ వేడుకతోడనే పుట్టినది.

ముందుగా ఉప్పు సంగతి. గోలకొండ నవాబులకు మచిలీపట్నము రేవుగా నున్న దినములలో, 1652లో ఆ రేవున దిగిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే, వేలకొలది యెద్దులపై సరకులు మోయు సంచారవర్తకులను గూర్చి వ్రాయుచు, వారిలో ఒక్కొక్క తెగ ఒక్కొక్క సరకునే మోయుననియు, ఒక తెగ ఉప్పును తప్ప వేఱొకటి ముట్టదనియు చెప్పెను. మన సీమలో ఆ పని చేసినవారు లంబాడీలు. వారితోపాటు, యెద్దు వెన్నుపై ఇరువైపుల వ్రేలాడు గోనెసంచికి పెరికె యను పేరుండుటచే దానిని బట్టియే పేరు పడసిన పెరికవారు. ఏరు దాటి, అడవి దాటి, పరిటాల, నందిగామల మీదుగనో, వాడపల్లి రేవున కృష్ణ దాటియో వచ్చిన ఉప్పు నల్లగొండ సీమ సంతలలో ధాన్యమునకు, ప్రత్తికి మారుచుండెను. 1759లో కర్నల్ ఫోర్డు బందరు కోటను ఫ్రెంచివారి నుండి గొనినది మొదలు ఉత్తర సర్కారులు క్రమముగ ఈస్టిండియా కంపెనీ చేతికి పోయి, 1788లో గుంటూరు సయితము చేజాఱగా నిజాము రాజ్యమునకు తీరమే లేకపోయెను. 1802 వాణిజ్యసంధిలో మచిలీపట్నము రేవును వాడుకొను స్వేచ్ఛ నిజామునకు కాగితముపై దక్కినది గాని, 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు కంపెనీవారి గుత్తవ్యాపారమైనది. తీరమునకు దూరస్థులగు పేదలకు ఉప్పరులు చవుటినేలల మట్టిని వడగట్టి కాచిన మట్టియుప్పు కొంత దిక్కైనది.

ఈ ఉప్పుకథ చేపలతొట్టికి సంబంధింపదని పాఠకులు తలంపవచ్చును. సంబంధమున్నది. సముద్రజలము కిలోకు సుమారు 35 గ్రాముల లవణములు కరిగియుండు ద్రవము. ఆ లవణములలో వంటయుప్పు నూటికి డెబ్బదెనిమిది పాళ్లకు మించదు. తక్కినది మెగ్నీషియము, గంధకితములు, సున్నము, పొటాషియము, మఱియు లేశమాత్రములైన పెక్కు ధాతువులు. చినగంజాములోనో, బందరు చెంతనో ఉప్పుమళ్లలో నీటిని ఎండబెట్టునపుడు మొదట సున్నపు లవణములు అడుగంటును. పిదప ఉప్పు గడ్డకట్టును. మెగ్నీషియముతో గూడిన చేదునీరు కడపట మిగులగా దానిని పాఱబోయుదురు. కావున తరతరములుగ పెరికెలలో మెట్టకు వచ్చినది సముద్రములోని ఒక్క పదార్థమే. అదియు నాలుకకు నచ్చునట్లు శుద్ధిచేయబడినది. వంటకు అది గుణమే. చేపకు కాదు. వంటయుప్పును కరిగించిన నీటిలో కడలిచేపను విడిచినవాడు, కొంత ఆలస్యముగనో శీఘ్రముగనో, ఆ చేపను కోల్పోవుట నిశ్చయము.

ఈ రెండు కథలను ఒక్క మనుష్యుడు తనలో కలుపుకొనుట చరిత్రలోని చమత్కారములలో నొకటి. 1885 మొదలు 1908 వఱకు మద్రాసు మ్యూజియమునకు అధ్యక్షుడుగ నుండిన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాహాయ్యమున దక్షిణదేశపు కులములను గూర్చి యేడు సంపుటముల గ్రంథమును 1909లో వెలువరించెను. ఉప్పు కాచు ఉప్పరులును, ఉప్పు మోయు పెరికవారును అందు వర్ణితులైరి. అదే సంవత్సరమున, అతడు ఏర్పాటు చేయించిన మత్స్యప్రదర్శనశాల మద్రాసు మెరీనా తీరమున జనులకు తెఱవబడెను. భారతదేశమున అట్టివానిలో అదియే మొదటిది. మనుష్యుల తలలు కొలుచుటలో థర్‌స్టన్ చూపిన అత్యాసక్తి నేడు మనకు వెగటు కలిగించును గాని, సముద్రపు చేపను సముద్రపు నీటిలోనే సామాన్యుల కన్నులకు చూపవలెనన్న అతని సంకల్పమును మెచ్చక తప్పదు. ఆ నాడు మద్రాసు తీరాంధ్రమునకు గూడ రాజధాని. వ్యాజ్యములకో, వైద్యమునకో, చదువులకో పోయిన తెలుగువారికి గాజు వెనుక ఈదు కడలిచేప మొట్టమొదట అచ్చటనే కనబడియుండును. నీటికి అక్కడ కొఱత లేదు. గోడకు ఆవల బంగాళాఖాతమే యున్నది. 1951లో బొంబాయి మెరీన్ డ్రైవుపై తెఱవబడిన తారాపూర్‌వాలా శాలకును ఆ సౌకర్యమే కలదు. తీరమునకు దూరమైన వారి కష్టము వేఱు. దానిని మొదట పడినవారు లండనువాసులు.

1846లో వెస్ట్‌మినిస్టరులో నివసించుచుండిన అన్నా థైన్ అను మతాధికారి భార్య, టార్కీ తీరమునుండి కొన్ని పగడజీవులను ఒక రాతిజాడీలో తెచ్చుకొని, వానిని బ్రదికింప దలచెను. సముద్రజలము నిత్యము క్రొత్తది దొరకునది కాదు; ఉన్న నీరు కుళ్లిపోవును. ఆమె తన దాసిచే ఆ నీటిని తెఱచిన కిటికీ ముందు ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి, ప్రతిదినము అరగంటకు పైగా, ఎత్తి పోయించుచుండెను. నీటిలో గాలి కలియుటయే అందలి రహస్యము. నేడు మన తొట్లలో బుడబుడలాడు విద్యుద్యంత్రము చేయుపని ఆ పేరు తెలియని దాసి రెండు చేతులు చేసినవి. చరిత్రకారులు యజమానురాలిని స్మరించిరి గాని దాసిని స్మరింపరైరి. మఱుసటి యేట థైన్ నీటిలో సముద్రపు నాచును కూడ చేర్చి, మొక్క విడుచు ప్రాణవాయువు జంతువునకు, జంతువు విడుచు మలినము మొక్కకు ఉపయోగపడు తీరును కనుగొనెను. 1850లో రాబర్ట్ వారింగ్టన్ అను రసాయనవేత్త మంచినీటి తొట్టిలో ఈ సూత్రమునే శాస్త్రీయముగ ప్రతిపాదించెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో మొదటి మత్స్యగృహము తెఱవబడినది. దానికి జీవులను సమకూర్చినవారిలో ముఖ్యుడగు ఫిలిప్ హెన్రీ గాస్ మఱుసటి సంవత్సరము వెలువరించిన గ్రంథముతో మధ్యతరగతి యిండ్లలోనికి సముద్రము ప్రవేశించెను.

ఈ గాస్ రెండు మార్గములకును ఆద్యుడు. సహజజలము కావలెనన్నవారికి అతడు చెప్పిన ఉపాయము మిక్కిలి లౌక్యమైనది: థేమ్స్ నది ముఖద్వారమును దాటి రాకపోకలు చేయు ఓడ యజమానికి స్వల్పమైన ప్రతిఫలమిచ్చి, నదుల నీరు కలియని నడిసముద్రమున, తేటగానున్నచోట ముంచి తెమ్మనవలెను. తెచ్చు పీపాయి క్రొత్తది కావలెను. దాని బిరడా ఓకుకఱ్ఱది కారాదు, ఆ కఱ్ఱలోని వగరు నీటిని చెఱుచును. నీరు దొరకనివారి కొఱకు అతడే 1854లో వంటయుప్పు, భేదియుప్పు, మెగ్నీషియము క్లోరైడు, పొటాషియము క్లోరైడు అను నాలుగింటిని మంచినీటిలో కలిపి కృత్రిమజలమును కూర్చు విధమును ప్రకటించెను. ఆ నీటిలో అతని జీవులు బ్రదికెను. సముద్రమును నాలుగు పొట్లములలోనికి కుదించిన ఈ సాహసము ఆ నాటి పండితులలో కొందఱకు వెగటైనను, తరువాతి లవణమిశ్రమములన్నిటికి మూలము అదియే.

ఇంగ్లండులో రైలుమార్గములు పెరిగిన కొలది నీరు కూడ రైలెక్కినది. గ్రేట్ ఈస్టర్న్ రైల్వేవారు తమ తీరస్టేషనైన లోస్టాఫ్ట్ నుండి సముద్రజలమును చిన్న పీపాలలో నింపి లండను గృహస్థుల వాకిళ్లకు చేర్చుచుండిరి. ఈ రవాణా అంతయు ఒక వైపు జరుగుచుండగా, విలియమ్ ఆల్ఫర్డ్ లాయిడ్ అను వర్తకుడు వేఱొక మార్గమును చూపెను. మొదట లండనులో సముద్రజీవులను విక్రయించి, 1864లో హాంబర్గు శాలను, 1871లో క్రిస్టల్ ప్యాలెస్ శాలను నడపిన ఇతడు, నీటిని మాటిమాటికి మార్చుట కంటె, ఒకమాఱు తెచ్చిన సముద్రజలమునే చీకటి గల భూగర్భ తొట్లలో నిలువచేసి, ప్రదర్శనపు తొట్లగుండ ఎడతెగక త్రిప్పుట మేలనియు, ఆ చీకటి తొట్టి ప్రదర్శనపు తొట్లకంటె పలురెట్లు పెద్దది కావలెననియు నిరూపించెను. నా అభిప్రాయమున, తీరమునకు దూరమైన ఊళ్లకు ఈ విద్యలో లాయిడ్ చేసిన ఉపకారము గాస్ చేసినదానికంటె గొప్పది. కాని పుస్తకము వ్రాసినవాని పేరు నిలిచినట్లు తొట్టి కట్టినవాని పేరు నిలువదు.

దూరపు ఊరివారి పట్టుదలకు పరాకాష్ఠ చికాగో నగరము. సముద్రమునకు వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఆ నగరమున 1930లో షెడ్ అక్వేరియమును తెఱచునపుడు, ఫ్లోరిడా కొనయందలి కీ వెస్ట్ నుండి ఇరువది రైలు ట్యాంకులు ఎనిమిది మాఱులు తిరిగి పది లక్షల గ్యాలనుల సముద్రజలమును మోసికొని వచ్చెను. మచిలీపట్నము నుండి హుజూర్‌నగరునకు గల దూరము దీనియెదుట లెక్కలోనిది కాదు. కావున ఇచ్చట ప్రశ్న తేగలమా యని కాదు. తెచ్చిన నీరు ఎట్టిది, ఎప్పటిది, ఎచ్చటిది యని.

ఎప్పటిది యన్నదానిని తేల్చినవారిలో కాలిఫోర్నియాయందలి క్లాడ్ జోబెల్ ముఖ్యుడు. సముద్రజలమును సీసాలో నింపి యుంచగనే అందలి సూక్ష్మజీవులు విపరీతముగ వృద్ధిచెందుననియు, పాత్ర చిన్నదగు కొలది ఆ వృద్ధి అధికమనియు అతడును అతని సహచరుడును 1936లో చూపిరి. కడలినీరు శూన్యమైన ద్రవము కాదు. అందు కంటికి కానరాని ప్లవకజీవులు కోట్లకొలది యుండును. క్యానులో బంధింపబడగనే అవి చచ్చును. చచ్చినవానిని తిని బాక్టీరియా పెరుగును. ప్రాణవాయువు తగ్గి అమోనియా పుట్టును. కొన్ని వారములు చీకటిలో నిలిచిన పిదప గాని ఆ నీరు మరల నెమ్మదింపదు. పూర్వపు పెంపకందార్లు నీటిని చీకటిగదిలో వారముల తరబడి ముదియించుట యందుచేతనే. తెచ్చిననాడే, గాలి కలుపుచు వాడవలెను. లేదా చీకటిలో ముదియించి వాడవలెను. ఈ రెంటికి నడుమ, మూడవనాడో అయిదవనాడో తొట్టిలో పోయుటకంటె అవివేకము లేదు.

ఎచ్చటిది, ఏ ఋతువుది యన్న విచారము మన దేశమున మఱింత ముఖ్యము. ఏలన బంగాళాఖాతము అట్లాంటిక్ వంటి స్థిరచిత్తము గల సముద్రము కాదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1950ల దశకమున అమెరికానుండి ఆచార్యుడుగ వచ్చిన యూజిన్ లాఫాండ్, ఇచ్చటి సహచరులతో, శిష్యులతో కలిసి విశాఖతీరపు నీటిని ఋతువులవారీగ పరిశీలించినపుడు తేలినది యేమనగా: వసంత గ్రీష్మములలో తీరప్రవాహము ఉత్తరాభిముఖమై, లోతునుండి చల్లని ఉప్పని నీరు పైకి వచ్చి, లవణత్వము సముద్రపు మామూలు ప్రమాణమునకు చేరువగ నుండును, వర్షర్తువు వెళ్లినంతనే ప్రవాహము దక్షిణమునకు తిరిగి, గంగా బ్రహ్మపుత్రల, మహానదీ గోదావరుల వఱదనీటిని మన తీరము వెంబడి మోసికొని వచ్చును. అపుడు పై నీటి లవణత్వము 30కి చాల దిగువకు పడిపోవును. సెప్టెంబరు మొదలు డిసెంబరు వఱకు మన తీరమున ముంచిన నీరు పేరునకు సముద్రజలమే. స్వభావమున సగము నదీజలము. గాస్ ఓడ యజమానికి చెప్పిన మాట, నదులకు దూరముగ ముంచుమన్నది, థేమ్స్ కంటె కృష్ణాగోదావరులకు పదిరెట్లు వర్తించును.

మచిలీపట్నము మెట్టసీమకు చిరపరిచితమైనను ఈ పనికి తగినది కాదు. మంగినపూడి తీరము నల్లమట్టిది. నీరు ఒండ్రుతో మసకగ నుండును. హంసలదీవి నదీముఖము గనుక అసలు తలపెట్టరాదు. హుజూర్‌నగరు వానికి బాపట్ల చెంతనున్న సూర్యలంక మేలు; ఇసుకతీరము, నదీముఖములకు దవ్వు. రొయ్యపిల్లల హేచరీలవారు తీరము పొడుగున నీటిని తోడి, ఇసుకలో వడగట్టి, క్లోరినుతో శుద్ధిచేసి, ఆ క్లోరినును విఱిచి వాడుచుందురు. 1994లో తెల్లమచ్చ వైరసు ఆంధ్రతీరపు చెఱువులను తుడిచిపెట్టిన నాటినుండి ఈ శుద్ధి వారికి ప్రాణావసరమైనది. మెట్టవాడు క్యానుతో అలలలో దిగుటకంటె అట్టి శుద్ధజలమును అడిగి తెచ్చుకొనుట వివేకము. అయితే శుద్ధిచేసిన నీటిలో ఆ కానరాని జీవరాశి యుండదు. సహజజలమునకు గల ముఖ్యగుణమును పోగొట్టుకొని సహజజలమును తెచ్చుట యను చమత్కారము ఇందు కలదని మఱవరాదు.

ఆ జీవరాశినే సర్వస్వముగ నెంచినవాడు జకార్తా నివాసియగు లీ చిన్ ఎంగ్. వడపోత యంత్రములతో పనిలేక, పగడపుదిబ్బల నుండి తెచ్చిన జీవముగల రాళ్లు, సహజ సముద్రజలము, స్వల్పమైన గాలిబుడగలు – వీనితోనే ఇతడు పగడములను పెంచిన పద్ధతి 1961లో ఒక అమెరికను పత్రికలో వెలువడి, లోకమునందలి పెంపకందార్లను ఆశ్చర్యపఱచెను. ఆ రాళ్లలోని సూక్ష్మజీవులే నీటిని శుద్ధిచేయుచుండెనని తరువాతివారు గ్రహించిరి. కాని జకార్తా వాకిట పగడపుదిబ్బలున్నవి, ఆంధ్రతీరమున లేవు. పైగా 2001లో భారతప్రభుత్వము పగడములను వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చినందున, దిబ్బలనుండి రాళ్లు పెఱుకుట నేరము. ఆ నిషేధము న్యాయమైనదే.

ఇక కృత్రిమలవణము. 1884లో డిట్‌మార్ అను రసాయనవేత్త, ఛాలెంజర్ నౌక లోకమంతయు తిరిగి తెచ్చిన 77 నీటి నమూనాలను పరీక్షించి, ఉప్పు ఎక్కువైనను తక్కువైనను అందలి ముఖ్య లవణముల పరస్పర నిష్పత్తి అన్ని సముద్రములలో ఒక్కటేయని స్థిరపఱచెను. గాస్ నాలుగు పొట్లములకు శాస్త్రాధారము ఆ విధముగ లభింపగా, 1960ల దశకమునుండి అమెరికాలో ఇన్‌స్టంట్ ఓషన్ వంటి లవణమిశ్రమములు అంగళ్లకు వచ్చినవి. నూఱు లీటర్లకు సుమారు మూడున్నర కిలోల పొడి. తీరములేని ఊరివానికి వరమే గాని, అందులో పోయు మంచినీరు ఎచ్చటిది? నల్లగొండ సీమలో ఈ ప్రశ్న వట్టి వేడుక కాదు. సముద్రజలమున ఫ్లోరైడు లీటరుకు సుమారు 1.3 మిల్లీగ్రాములుండగా, ఈ సీమలోని పెక్కు బావులలో అంతకు మించి కలదు. సముద్రము సయితము మోయని ఫ్లోరైడును ఇచ్చటి మనుష్యులు తరముల కాలము త్రాగి, ఎముకలు వంగి బాధపడిరి. 1967లో నాగార్జునసాగరమునుండి లాల్‌బహదూర్ కాలువ ద్వారా వచ్చిన కృష్ణాజలము హుజూర్‌నగర్ మళ్లకు వరిని తెచ్చెను గాని, బోరునీటి కఠినత్వమును పోగొట్టలేదు. కావున లవణమిశ్రమమును కలుపదలచినవాడు బోరునీటిని ముట్టక, ఆర్వో యంత్రమున వడగట్టిన నీటినే వాడవలెను.

సహజమైనదంతయు శ్రేష్ఠమను వాదమును ఈ చరిత్ర సమర్థింపదు. కృత్రిమము సులువు గనుక చాలునను వాదమును సమర్థింపదు. సహజజలమున గుణము తీరమును బట్టి, మాసమును బట్టి, తెచ్చిన గడియను బట్టి మాఱును. మిశ్రమమున గుణము పోసిన నీటిని బట్టి మాఱును. రెండువందల లీటర్ల తొట్టి గలవాడు నెలకు ఇరువది, ముప్పది లీటర్లు మార్చిన చాలును గనుక, ఫిబ్రవరి మొదలు మే వఱకు సూర్యలంక పోయివచ్చు బంధువు ఎవడైన నున్నచో ఆహారపదార్థములకు తగిన ప్లాస్టికు క్యాను నిచ్చి, హేచరీ శుద్ధజలము దొరకనిచో పోటు సమయమున తేటనీటిని ముంచి తెమ్మనవచ్చును. ఇంటికి రాగానే లవణత్వమును కొలిచి, చీకటిగదిలో మూడు నాలుగు వారములుంచి వాడుకొనవచ్చును. వానలు మొదలైన పిదప మాత్రము ఆ శ్రమ మాని, ఆర్వో నీటిలో లవణమిశ్రమమును కలుపుకొనుడు. మరల ఫిబ్రవరి వచ్చువఱకు కడలినీటి జోలికి పోవలదు.